పాడైపోని సరుకు అని రాసిన్రు, కానీ పుస్తకం పాడైతది – నా అనుభవం

మొన్న మా పక్కన సాక్సులు, కర్చీఫులు అమ్ముకునే తమ్ముడు అడిగిండు, అన్నా నీకు వీధి వ్యాపారి కార్డు ఎట్లొచ్చింది, బ్యాంకుల లోను ఎట్లిచ్చిన్రు, నేను మూడుసార్లు పోయి ఉత్త చేతులతోని వాపసొచ్చిన అని. చాయ్ తాగుకుంట, నడుమ నడుమ గిరాకీ చూసుకుంట చెప్పవడితె గంట పట్టింది. అప్పుడు అనుకున్న, ఇదంత ఒక్కదగ్గర రాసి పెడితె రోడ్డు మీద బతికేటోళ్ళకు ఇంకో నలుగురికి పనికొస్తది అని. అందుకే రాస్తున్న, ఉన్నదున్నట్టు.

నేను హన్మకొండల రోడ్డు పక్కన పాత పుస్తకాలు అమ్ముత. 2009 సంది ఇదే పని. పొద్దుగాల ఆరింటికి లేస్తనే ముందుగాల రెండు పేపర్లు కొంట, సరదాకు కాదు, నా సరుకు రేటు ఆ పేపర్లనే ఉంటది. కూరగాయలామె మార్కెట్ల టమాట ధర అడిగినట్టు నేను నోటిఫికేషన్ వచ్చిందా, పరీక్ష వాయిదా పడ్డదా, సిలబస్ మారిందా అని చూస్త. ఎనిమిదిన్నరకు రూముకాడికెళ్ళి ట్రాలీ ఆటోల మూటలు తెచ్చి, కింద పట్టా, దాని మీద పాత ఫ్లెక్సీ పరిచి సర్దుత. డీఎస్సీ, కానిస్టేబుల్, గ్రూప్స్ మెటీరియల్ ముందు వరుస, ఇంటర్ సెట్లు ఎడమ పక్క, డిగ్రీవి వెనక, కథలు నవలలు ఒక అట్టపెట్టెల వీపు పైకి పెట్టి నిలబెడ్త, అవి కొనేటోళ్ళు వంగి ఒక్కొక్కటి తిప్పుకుంట చూస్తరు, వాళ్ళకు తొందర ఉండది. తెలుగు అకాడమీ పుస్తకాలకైతె చేతిల నుంచి చేతికే గిరాకీ.

ఒక సంగతి చెప్పాలె, పాత పుస్తకంల పెన్సిల్ గీతలుంటె నేను తుడుప. కొత్తల తుడిచేటోన్ని, శుభ్రంగ ఉంటె రేటొస్తదని. ఒకసారి ఒక పిల్లగాడు రెండు ఒకే తీరు ఎకానమీ పుస్తకాలు చేతుల పట్టుకొని చాలాసేపు చూసి, గీతలున్నదే తీసుకున్నడు, అది ఇంకో ఇరవై రూపాయలు ఎక్కువైన సరే అని. ఎందుకురా అంటె, ఇది చదివినాయన మంచిగ చదివిండన్న, ఎక్కడ ఆగాల్నో అక్కడనే గీసిండు అన్నడు. అప్పటి సంది గీతలు చూసి కూడ రేటు చెప్పవట్టిన.

ఇగ అసలు సంగతి. 2018 వానాకాలం, శుక్రవారం మాపటేళ. అప్పుడు నేను వేరే జాగల పెట్టేది. ఎవరో పెద్దోళ్ళు వస్తున్నరు రోడ్డు ఖాళీ చెయ్యాలె అని ట్రక్కు వచ్చింది. సర్దుకుంట సార్ పది నిమిషాలియ్యున్రి అన్న. ఇయ్యలేదు. పట్టా నాలుగు కొసలు పట్టుకొని మూట లెక్క ఎత్తి ట్రక్కులకు ఇసిరిన్రు. ఏ ఆఫీసు, ఎవరు అని పేర్లు రాయను, ఆ పనిచేసిన పిల్లలు కూడ రోజుకూలోళ్ళే. కానీ ఎన్ని తీసుకపోయిన్రో ఒక చీటీ గూడ ఇయ్యలేదు, నాకు కూడ అడగాలని తెల్వదు. తెల్లారి రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. శనివారం రాత్రి వాన దంచికొట్టింది. సరుకేమో మీద కప్పు లేని జాగల ఉన్నది. నేను ఇంట్ల నిద్రవోలేదు, రేకుల మీద వాన సప్పుడు ఇనుకుంట కూసున్న, మా ఇంటామె ఏం మాట్లాడలే, ఆమె కూడ నిద్రవోలేదు.

సోమవారం పోయి ఎవరినో బతిమిలాడి, జుర్మానా కట్టి తెచ్చుకున్న. పుస్తకం నీళ్ళల్ల తడిస్తె ఎట్లయితదో చూడనోళ్ళకు చెప్త. గ్లేజు పేపరున్నది తడిస్తె పేజీలన్ని ఒకదానికొకటి అతుక్కొని ఇటుక లెక్కయితది, ఇగ అది విడది, కిలో లెక్కకు కూడ ఎవరు తీసుకోరు. మామూలు గైడు పేపరైతె ఉబ్బుతది, ఓపికుంటె బతికించుకోవచ్చు. పది పేజీలకొక పాత న్యూస్‌పేపర్ ముక్క పెట్టి, పుస్తకాన్ని ఫ్యాన్ కింద నిలబెట్టి, గంటకోసారి ఆ ముక్కలు మార్చాలె, ఆరినంక మీద బండ పెట్టాలె. ఎండల పెట్టొద్దు, అంచులు వంకర పోతయి. ఇల్లంత పుస్తకాలే, వంటింట్ల కూడ, నాలుగు రోజులు పిల్లలు మంచం మీద కూసొని తిన్నరు. ఒక పెద్ద డిక్షనరీ ఉండె, లోపలి అట్ట మీద ఎవరో తండ్రి తన బిడ్డకు పదో తరగతి పాసైనందుకు అని ఇంకుపెన్నుతోని రాసిచ్చిండు, ఆ రాత మొత్తం నీలం నీళ్ళయ్యి పేజీల లోపలికి పోయింది, కింద తారీకు మాత్రం బాల్‌పెన్నుతోని రాసింది కాబట్టి మిగిలింది. అది అమ్మలేదు, ఇప్పటికీ ఇంట్లనే ఉన్నది.

తర్వాత ఏడు సుబేదారి లా కాలేజీ పిల్లగాడు ఒకడు చదువు అయిపోయిందని పుస్తకాల మూట తెచ్చిండు. తూకం వేస్తుంటె అందులకెళ్ళి ఒక సన్న పుస్తకం ఆయననే తీసి, అన్నా ఇది అమ్మకు, ఇది నీ గురించే అన్నడు. వీధి వ్యాపారుల చట్టం, 2014ల వచ్చింది, ఆ ఏడు మే 1 నుంచి అమలు. పదేండ్లు చట్టం పుస్తకాలు అమ్మిన గానీ రోడ్డు మీద అమ్ముకునేటోని కోసం ఒక చట్టం ఉన్నదని నాకు అప్పటిదాక తెల్వదు. ఇంగ్లీషుల ఉన్నది, ఆయన నా స్టూలు మీద కూసొని తెలుగుల చెప్పుకుంటొచ్చిండు, నేను పెన్సిల్‌తోని పక్కకు రాసుకున్న.

ఆ రాసుకున్నదే ఇక్కడ చెప్త, జర మంచిగ చదువున్రి. సెక్షన్ 3: సర్వే చెయ్యాలె, కనీసం అయిదేండ్లకోసారి, సర్వే అయ్యి సర్టిఫికెట్లు ఇచ్చేదాక ఉన్నోళ్ళను లేపొద్దు. సెక్షన్ 18: లేపాల్నన్న, వేరే జాగకు పంపాల్నన్న 30 రోజుల ముందు నోటీసియ్యాలె. సెక్షన్ 19: సరుకు పట్టుకపోతె ఏమేం తీసుకున్నరో లిస్టు రాసి, సంతకం పెట్టి మన చేతికియ్యాలె. ఫీజు కట్టి అడిగినంక పాడైపోయే సరుకైతె అదే రోజు, పాడైపోని సరుకైతె రెండు పనిదినాలల్ల వాపస్ ఇయ్యాలె. సెక్షన్ 22: వీధి వ్యాపారాల సంగతి చూసే వెండింగ్ కమిటీల నూటికి 40 మందికి తక్కువ కాకుండ మనోళ్ళే ఉండాలె, అందుల మూడో వంతు ఆడోళ్ళు.

ఆ పాడైపోని సరుకు అన్నకాడ నేను ఆగిపోయిన. పూలు, పండ్లు, చాపలు పాడైతయి నిజమే. కానీ పుస్తకం? వానాకాలంల మీద కప్పు లేకుంట రెండు పనిదినాలు, నడుమ శనివారం ఆదివారం వస్తె నాలుగు రోజులు. చట్టం రాసినోళ్ళు చెడ్డ మనసుతోని రాయలే, నాకు ఆ చట్టం మీద గౌరవం ఉన్నది, నన్ను మనిషి లెక్క చూసిన మొదటి కాయితం అదే. కానీ ఇంత రాసినోళ్ళకు తడిసిన పుస్తకం గుర్తుకు రాలేదని అప్పుడు చాన బాధైంది.

2020 మార్చిల లాక్‌డౌన్ పడ్డది. మాకు సీజన్ అంటె జూన్, 12కు బడులు తెరుస్తరు, ఇంటర్ కాలేజీలు గూడ అదే నెల. ఆ ఏడు బడి లేదు, కాలేజీ లేదు. జూన్ 1 నాడు కేంద్రం వీధి వ్యాపారులకు 10,000 రూపాయల లోను అని స్వనిధి స్కీం పెట్టింది, టీవీల చూసిన. మార్చి 24 నాటికే రోడ్డు మీద అమ్ముకుంటున్నోళ్ళకు, జామీను లేకుంట, ఏడాదిల నెలకింత కట్టాలె, టైముకు కడితె 7 శాతం వడ్డీ సబ్సిడీ. మాకు అప్పటిదాక రోజువారీగ కట్టే గిరిగిరి తప్ప వేరే అప్పు తెల్వదు. 8,500 చేతికిస్తరు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలె. వాన పడ్డనాడు, బంద్ ఉన్ననాడు, పిల్లకు జరమొచ్చిననాడు గూడ ఆ వంద కట్టాల్సిందే. దాని ముందట ఇది ఎంత నయమో లెక్కేసి చూసుకున్న.

కార్డు సంగతి. పట్టణాల పేదోళ్ళ కోసం పనిచేసే సర్కారు సంస్థ మెప్మా, అందుల ఆర్పీ (రిసోర్స్ పర్సన్) అక్క మా రోడ్డుకు వచ్చి ఫోన్ల ఒక్కొక్కరి పేరు ఎక్కించింది, బండికాడ నిలబెట్టి ఫొటో తీసింది. మీరు ఇంటికాడ ఉండొద్దు, సరుకు కాడనే ఉండాలె అప్పుడు, అది గుర్తు పెట్టుకోన్రి. సర్వేల పేరు రాలేదని బాధ పడొద్దు, సిఫారసు లెటర్ అని ఉంటది, దాంతోని కూడ లోను వస్తది. నాకు తట్టుకున్నది ఆధార్ కాడ. ఆధార్‌కు లింకున్న నంబరు ఎప్పుడో పోయిన సిమ్ముది, ఓటీపీ రాదు, దానికే పదిహేను రోజులు పోయినయి. ఎవరన్న లోనుకు పోవాల్నంటె ముందు ఆధార్ నంబరు మీ చేతిలున్న ఫోన్‌దేనా చూసుకొని, తర్వాతనే బ్యాంకు మెట్లెక్కున్రి.

బ్యాంకు ఏదో చెప్పను. మొదటిసారి సర్వర్ లేదన్నరు. రెండోసారి సీట్ల కూసున్నాయన ఏం అమ్ముతవ్ అన్నడు, పుస్తకాలు సార్ అన్న. పుస్తకాలంటె షాపు కదా, స్ట్రీట్ వెండర్ అంటె కూరగాయలు టిఫిన్లు, నీకు రాదు అన్నడు. బయటకొచ్చి మెట్ల మీద కూసున్న. మల్ల ఆ లా పిల్లగానికే ఫోన్ కొట్టిన. ఆయన స్కీం గైడ్‌లైన్స్ వెతికి పంపిండు, అందుల వీధి వ్యాపారి అంటె ఎవరెవరో రాసిన కాడ కూరగాయలు, పండ్లు, చాయ్, పకోడీలు, గుడ్లు, బట్టలు, చెప్పులు అన్నంక బుక్స్, స్టేషనరీ అని స్పష్టంగ ఉన్నది. జిరాక్స్ తీయించి ఆ లైను కింద పెన్సిల్‌తోని గీత గీసి, మూడోనాడు అదే సారు ముందట పెట్టిన. చదివిండు. మల్ల చదివిండు. సరే కూసో అన్నడు. అది కోపంతోని అన్నడో మంచిగ అన్నడో తెల్వదు గానీ ఆ నెల్లనే పైసలు పడ్డయి. అందుకే మా తమ్మునికి చెప్పిన, మనసుల మాట చెప్తె ఆఫీసుల ఎవరు ఇనరు, వాళ్ళ కాయితమే వాళ్ళ ముందట పెట్టాలె.

ఆ 10,000 కట్టుడు అయిపోయినంక 20,000 వచ్చింది, అది వచ్చిన టైము కూడ అదృష్టమే. 2022 మార్చి 9 నాడు అప్పటి ముఖ్యమంత్రి అసెంబ్లీల 80,039 ఉద్యోగాలు నింపుతం అని చెప్పిండు. పొద్దటి పదింటికి చెప్పిండు, పన్నెండు కాకముందే నా పట్టా ముందట నిలబడ జాగ లేదు. పాతయి, చినిగినయి, అట్ట లేనియి కూడ పోయినయి. నేను ఆదివారం కాజీపేటల రైలెక్కి హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ బజారుకు పోయి లోను పైసలు మొత్తం పెట్టి సరుకు తెచ్చిన. వార్త అంటె నాకు అది, ఒక మాట అసెంబ్లీల పడితె మా ఇంట్ల బియ్యం సంచి నిండుతది.

వార్తతోని పుస్తకం చచ్చిపోవుడు కూడ చూసిన. 2016 దసరా నాడు 10 జిల్లాలు 31 అయినయి, నా కాడున్న జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు, మ్యాపులు ఒక్క పూటల తప్పయినయి. తర్వాత 2019ల ములుగు, నారాయణపేట కలిపి 33. 2021 ఆగస్టుల మన వరంగల్ అర్బన్ జిల్లానే హన్మకొండ అయింది, అంటె నేను ఉన్నకాడనే ఉన్న, నా అడ్రసు రెండుసార్లు మారింది, పుస్తకాలల్ల ఒక్కోదాంట్ల ఒక్కో తీరు. అదే ఏడు జూలై 25 నాడు రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది, అంతకు ముందటి టూరిజం, జీకే పుస్తకాలన్ని అడుగునవడ్డయి, కానీ కాకతీయుల చరిత్ర పాత పుస్తకాలు, అట్టలు పోయినయి, దుమ్ము దులిపి పైకి తెచ్చిన, సార్లు కార్లు ఆపి తీసుకపోయిన్రు. పీవీకి 2024 ఫిబ్రవరిల భారతరత్న ప్రకటించిన వారం నర్సంపేట దిక్కునుంచి ఒక ముసలాయన బస్సెక్కి వచ్చి మా లక్నేపల్లి బిడ్డ గురించి ఏమున్నా ఇయ్యి అన్నడు. ఒక్కటే ఉండె, సగం రేటుకిచ్చిన.

లా పుస్తకాలు వేరే కథ. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందరి నోట్ల ఉన్న 302 ఇప్పుడు 103, 420 ఏమో 318. ఆ ఎండాకాలం పాత ఐపీసీ పుస్తకాలు కిలో లెక్క వచ్చినయి, చిత్తు కాయితాలకు వేస్త అనుకున్న. ఒక పెద్ద వకీలు సారు ఆపిండు, జూలై 1 కంటె ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే నడుస్తది, కేసులు ఏండ్లకేండ్లు ఉంటయి, పది కాపీలు దాచుకో అన్నడు. దాచిన, ఇప్పటికీ నెలకు ఒకటి రెండు పోతనే ఉన్నయి.

కానీ నా మనసుల నుంచి పోనిది గ్రూప్-1. 2022 అక్టోబర్ 16 ప్రిలిమ్స్ అయింది. పేపర్ లీకని 2023 మార్చి 17 నాడు రద్దు చేసిన్రు. మల్ల జూన్ 11 పెట్టిన్రు, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. మల్ల కొత్త నోటిఫికేషన్, 2024 జూన్ 9 మూడోసారి. రద్దయిన రెండో రోజు ఒకామె వచ్చింది, ముప్పై ఏండ్లుంటయి, రెండు సంచులు. అన్నా అన్ని తీసుకో, ఇగ నేను చదవ, ఊరికి పోతున్న అన్నది. ప్రతి పుస్తకం మొదటి పేజీల మూల మీద చిన్నగ పెన్సిల్‌తోని ఎన్నిసార్లు రివిజన్ చేసిందో గీతలు పెట్టుకున్నది, ఒక్కోదాంట్ల ఆరు, ఏడు. నేను పైసలిచ్చిన కానీ ఆ సంచులు విప్పలే, రూముల సజ్జ మీద పెట్టిన. ఎందుకో అమ్మబుద్ధి కాలె. వారం దినాలకు వచ్చింది, అన్నా అమ్మినవా అన్నది. లేవు బిడ్డా ఉన్నయి అని దించిచ్చిన, ఇచ్చిన పైసలే తీసుకున్న, ఒక్క రూపాయి ఎక్కువ కాదు. మా ఇంటామెకు ఆ సంగతి చెప్తె మంచి పని చేసినవ్ అన్నది. పేపరోళ్ళు రద్దు అని రెండు ఇంచుల అక్షరాలతోని రాసిన్రు, ఆ అక్షరాల కింద ఎంతమంది ఇట్ల సంచులు పట్టుకొని తిరిగిన్రో నాకు మా పట్టా కాడ కనవడ్డది. ఈ పిల్లల కాలం అంటె ప్రభుత్వాలకు ఎందుకు ఇంత అగ్గువ అయిందో నాకు సమజ్ కాదు.

2025 ఆగస్టుల స్వనిధి మల్ల 2030 మార్చి దాక పొడిగించిన్రు, మొదటి లోను 15,000, రెండోది 25,000, మూడోది 50,000. అది చదివే మా సాక్సుల తమ్ముడు మల్ల ఆశ పడ్డడు. సెప్టెంబర్ 22 నుంచి నోటుబుక్కుల మీద జీఎస్టీ తీసేసిన్రు, అది మంచి వార్త, పిల్లలున్నోళ్ళకు తెల్సు.

ఇగ అక్టోబర్ 29, మొంథా తుఫాను. హన్మకొండ, వరంగల్ ఎట్ల మునిగినయో మీరు కూడ చూసే ఉంటరు. 2023 జూలైల నయీంనగర్ నాలా పొంగిననాడు నేను సగం సరుకు పోగొట్టుకున్న, అందుకే ఈసారి పొద్దుగాలనే దుకాణం పెట్టకుంట, కింది మూటలన్ని సజ్జ మీదికి, మంచం మీదికి, ఇంటి ఓనరమ్మ మెట్ల మీదికి ఎక్కించిన. రాత్రికి రూముల మోకాళ్ళ దాక నీళ్ళు. పుస్తకాలు దక్కినయి. ఆ నీళ్ళల్ల నిలబడి సజ్జ దిక్కు చూసుకుంట నాకు 2018 శనివారం రాత్రి యాదికొచ్చింది, ఆనాడు ఎవరన్న మీద ఒక కవరు కప్పినా సరిపోతుండె కదా అని.

నీళ్ళు తీసినంక ఒక అర్జీ రాసిన, వెండింగ్ కమిటీకి. మూడే అడిగిన. జూన్ నుంచి అక్టోబర్ దాక పుస్తకాలను పాడైపోయే సరుకు లెక్క చూసి అదే రోజు వాపస్ ఇయ్యాలె. అది కాదంటె కప్పున్న జాగల పెట్టాలె. లిస్టు ఇయ్యకుంట ఒక్క పుస్తకం గూడ ఎత్తొద్దు. మా రోడ్డు మీద పదకొండు మంది సంతకాలు పెట్టిన్రు, పుస్తకాలమ్మేది నేనొక్కన్నే, మిగతావాళ్ళు పూలు, చెప్పులు, మొక్కజొన్న కంకులమ్మేటోళ్ళు. ఆఫీసుల అర్జీలు తీసుకునే ఇన్‌వర్డ్‌ల ఇచ్చి, నా కాపీ మీద ముద్ర, నంబరు, తారీకు వేయించుకున్న. అది ఆ సన్న చట్టం పుస్తకంల సెక్షన్ 19 పేజీ కాడ పెట్టి, ప్లాస్టిక్ కవరుల చుట్టి దాచిన.

సాక్సుల తమ్ముడు కూడ సంతకం పెట్టిండు. రేపు వాని ఆధార్‌కు నంబరు లింకు చేయించనీకి ఇద్దరం పోతున్నం, మేమొచ్చేదాక రెండు పట్టాలు మా ఇంటామె చూసుకుంటది.